కల్లు సిన్మ

కంటి ఆసుపత్రిలో ఆపరేషనుకు ముందు చుక్కల మందు వేసి బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆ మందు పడ్డాక కంటిపాప విచ్చుకొని లోకమంతా సబ్బునీళ్లలో ముంచి తీసినట్టవుతుంది. ఎదురు గోడ మీది గడియారం ఒక తెల్లని మరక. వచ్చేపోయేవాళ్లు నడిచే దుప్పట్లు. కళ్లు మూసుకొని కూర్చోమని నర్సమ్మ చెప్పిపోయింది గానీ, చేతిలో పుస్తకం లేకుండా ఊరికే కూర్చోవడం నాకు చిన్నప్పటి నుంచీ రాదు. అందుకని పక్కనున్న ఆకారంతో మాట కలిపాను. ఆమెది కొండాపూర్ దగ్గర పల్లె అట, కొడుకు తీసుకొచ్చాడట, ఒక కంటిది అయిపోయిందట, ఇది రెండోదట. నేను నాలుగు మాటలు మాట్లాడానో లేదో, బెంచీ అవతలి కొస నుంచి ఒక ముసలి గొంతు లేచింది.

"ఈ గొంతు నాకెరుకే. నువ్వు కల్లు సిన్మ టీచరమ్మవు గదా?"

బెంచీ మీద మాటలు ఆగిపోయాయి. పక్కనున్న ఆమె కొంచెం అవతలికి జరిగినట్టు కూడా అనిపించింది. తెల్లచీర కట్టుకొని, మెడలో సన్నని శిలువతో, ఒళ్లో చర్చి సంచి పెట్టుకొని కూర్చున్న ముసలి టీచరును కల్లు పేరుతో పిలిస్తే ఎవరైనా జరుగుతారు. నేను ఈ వయసు వరకు కల్లు చుక్క నాలుక మీద వేసుకోలేదు. చిన్నప్పుడు మా ఇంట్లో ఆ మాట పలికితే అమ్మ కందిలి ముందు కూర్చోబెట్టి కీర్తన మొత్తం పాడించేది. అయినా ఆ పిలుపుకు నాకు కోపం రాలేదు. ఉద్యోగం నుంచి దిగిపోయిన రోజు శాలువా కప్పి, మెడలో దండ వేసి, నా గురించి చాలా మంచి మాటలు చెప్పారు. ఆ రోజు కూడా నా వీపు ఇంత నిటారుగా నిలబడలేదు. "అవును, నేనే" అన్నాను, బెంచీ అంతటికీ వినబడేటట్టు.

ఆ పేరు వెనక మా నాయిన ఉన్నాడు. నాయిన వెనక ఒక ఆకుపచ్చ ఇనుప పెట్టె ఉంది. నాయిన పేరు యోబు. పటాన్‌చెరు దగ్గర చర్చి వాళ్ల ప్రాథమిక బడిలో మాస్టరు. ఆ పెట్టెలో ఉన్నది సినిమా చూపించే చిన్న మిషన్. మా వైపు చాలా కాలం వైద్యం చేసి తన దేశానికి తిరిగిపోయిన ఒక తెల్ల డాక్టరమ్మ దాన్ని మా పాస్టరేటుకు, అంటే ఒక్క పాస్టరు కింద ఉండే మా చర్చిలన్నిటికీ కలిపి, ఇచ్చి, నడపడం మా నాయినకు నేర్పి పోయిందట. అప్పటి నుంచి అది పేరుకు పాస్టరేటుదే గానీ, ఉండేది మా మంచం కింద. నెలలో ఒక ఉదయం నాయిన పాత పంచె నేల మీద పరిచి, పెట్టె మూత తీసి, కోడి ఈకతో కుట్టుమిషన్ నూనె చుక్క చుక్కగా చక్రాలకు పెట్టేవాడు. అద్దం తుడిచేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు, ఆవిరి పడుతుందని. ఆయనతో పాటు మేమూ బిగబట్టాలి. దీపం వెలిగించి చూసినప్పుడు దాని మీది దుమ్ము కాలి, పెనం మీద జొన్నరొట్టె అంచు మాడిన వాసన ఇల్లంతా వచ్చేది. ఇప్పటికీ ఎక్కడైనా రొట్టె మాడితే నాకు ముందు ఆకలి కాదు, ఏదో మొదలవబోతున్నదనే సంబరం పుడుతుంది. తెర సంగతి అమ్మది. నీలిమందు పెట్టి ఉతికిన తెల్లని దుప్పటిని, ఇత్తడి చెంబులో నిప్పులు పోసి, ముడత లేకుండా ఇస్త్రీ చేసేది. నిప్పుల్లో వేడి మిగిలితే అప్పుడు మా బట్టలకు వంతు.

ఎడ్లబండి మీద ఆ పెట్టెతో నాయిన పోని పల్లె లేదు. రుద్రారం, వెలిమెల, కొండాపూర్ చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగాడు. ఆయన దగ్గరున్నవి అన్నీ వేదంలోని, అంటే బైబిల్లోని, కథల సినిమాలు, మాటలన్నీ ఇంగ్లీషు. కాబట్టి మిషన్ పక్కన నిలబడి కథ నాయినే చెప్పేవాడు. ఆ సినిమాల్లోని సముద్రం ఆయన నోట్లో పడితే వరదలో ఉన్న మంజీర అయ్యేది. గొర్ల కాపరులు మా ఊరి కుర్మోళ్లయ్యేవాళ్లు. జనం బొమ్మ కోసం ఎంత వచ్చేవాళ్లో ఆయన చెప్పుడు కోసం అంత వచ్చేవాళ్లు. ఆయనకొక పట్టింపు ఉండేది. కథ చెబుతుంటే ఎవరో ఒకరు "ఊఁ" కొట్టాలి. ఎవరూ కొట్టకపోతే చెప్పడం ఆపేసి, "ఊఁ అనకుంటె రీలు తిరగది, కాలిపోతది" అని బెదిరించేవాడు. అది నిజమని నేను చాలా పెద్దదాన్నయ్యే వరకు నమ్మాను. మా వైపు పల్లెల్లో ఎందరో నమ్మారు. సినిమా అంటే బొమ్మ ఒకటి, చెప్పేటాయన ఒకడు, ఊఁ కొట్టేటోడు ఒకడు. ఈ ముగ్గురూ లేకుండా సినిమా ఉంటుందని అక్కడ ఎవరికీ తెలియదు.

నా చదువు వేరే తీరున సాగింది. పై తరగతుల కోసం సంగారెడ్డిలో హాస్టల్లో ఉన్నప్పుడు సాయంత్రాలు శాఖా గ్రంథాలయానికి పోవడం అలవాటైంది. కాలేజీ చదువు నాకు రాసిపెట్టి లేదని అప్పటికే తెలుసు. అందుకని ఆ గదినే కాలేజీ అనుకున్నాను. పై అర నుంచి మొదలుపెట్టి అల్మారా తర్వాత అల్మారా చదువుకుంటూ పోయాను. వ్యవసాయం మీద పుస్తకాలు వస్తే అవీ చదివాను, పశువుల రోగాల మీద వస్తే అవీ చదివాను. తర్వాత నాయిన బడిలోనే టీచరుగా చేరినా, వారం వారం బస్సెక్కి పుస్తకాలు మార్చుకు రావడం మానలేదు. ప్రపంచ సినిమా గురించి నాకు తెలిసింది అక్కడే, అట్టలూడిన పాత పత్రికల్లో. గుర్రాలు పడకగదుల్లో నిలబడే సినిమాలు, మనుషులు గోడల్లోంచి నడిచిపోయే సినిమాలు ఉన్నాయని, కలను కలలాగే ఎట్లా ఉన్నదట్లా తెర మీద పెట్టేవాళ్లు ఉన్నారని చదివాను. అధివాస్తవికత అనే మాట నాకు అక్కడే దొరికింది. కొత్తచీర కొంగు నలుగురికీ కనబడేటట్టు వేసుకుని తిరిగినట్టు ఆ మాటను వేసుకుని తిరిగాను. ఒక్క సినిమా కూడా చూడకుండానే ఆ సినిమాల మీద నేను మాట్లాడగలిగేదాన్ని. ఇప్పుడు తలుచుకున్నా నాకది గర్వంగానే ఉంటుంది.

మా చుట్టూ కార్ఖానాలు లేచిన కాలమది. జొన్నచేలలో పొగగొట్టాలు మొలిచాయి. పొద్దు గూకితే పడుకొని కోడి కూస్తే లేచిన ఊళ్లకు సైరను వచ్చింది. ఒకే ఇంట్లో అన్న పొద్దుటి షిఫ్టు, తమ్ముడు రాత్రి షిఫ్టు. మేము పొద్దున ప్రార్థనకు కూర్చునే వేళకు రాత్రి పని చేసినవాళ్లు ఎర్రటి కళ్లతో మా వాకిలి ముందు నుంచి ఇళ్లకు పోయేవాళ్లు. పగలు వాళ్లు నిద్రపోవాలని ఆడవాళ్లు పిల్లల నోళ్లు మూసేవాళ్లు, రోకళ్లు పక్కన పెట్టేవాళ్లు. అయినా నిద్ర పట్టేది కాదు. ఎండలో నిద్ర ఎట్లా పడుతుంది, వాళ్ల తాతలు కూడా ఎప్పుడూ పగలు పడుకోలేదు. "జీతమొచ్చింది గని నిద్ర పోయింది పటేలా" అని వాళ్లలో వాళ్లు అనుకోవడం నేను విన్నాను. సంగారెడ్డి నుంచి పుస్తకాలతో తిరిగివచ్చే బస్సులో నిలబడి నిద్రపోయేవాళ్లను చూసేదాన్ని. కండక్టరు వాళ్లను లేపకుండా ఊరు వచ్చే వరకు అట్లాగే తెచ్చేవాడు.

నగరంలో విదేశీ సినిమాలు తెప్పించుకొని చూసే ఒక సంఘం ఉందని పత్రికలో చదివి, నేను వాళ్లకు రాశాను. మా దగ్గర మిషన్ ఉంది, జనం ఉన్నారు, ఒక్క సినిమా డబ్బా అరువియ్యండి అని. వాళ్లకు నవ్వు వచ్చి ఉంటుంది. కానీ పిలిచారు. నాయిన, నేను పోయి డబ్బా ఒళ్లో పెట్టుకొని బస్సులో వచ్చాం. యూరపులో ఏదో చిన్న దేశపు సినిమా, మాటలు లేనిది, పేరు మా నోట తిరగనిది. అందులో ఒక ఊరికి నిద్ర పట్టకుండా పోతుందని, దానికోసం ఒకడు ఆకాశానికి ఎక్కుతాడని, ఆ తర్వాత జనం కలలు వీధుల్లో నడుస్తాయని ఆ సంఘంలో ఒకాయన చెప్పాడు. ఆ మాట వినగానే ఇది మా ఊరికి రావలసిందేనని నాకు తట్టింది. దానికి కలల సినిమా అని పేరు పెట్టాను.

బడి హాలు కావాలంటే అయ్యగారి సెలవు కావాలి. మా పాస్టరు అయ్యగారు నెమ్మదస్తుడు, మందపాటి అద్దాలవాడు. సరేనన్నారు గానీ, చర్చి పెద్ద దేవసాయం గారు షరతు పెట్టాడు. వేదంలో లేని సినిమా ఈ హాలులో వేయడం ఇదే మొదలు. గడబిడ అయితే ఇదే ఆఖరు, మిషన్ కూడా వేరే పాస్టరేటుకు పంపుదాం అన్నాడు. ఆ మాట ఆయన నాతో అన్నాడు గానీ చూసింది నాయిన వైపు. ఆ రోజు ఇంటికొచ్చి నాయిన మిషన్ బయటికి తీసి, నూనె పెట్టవలసిన రోజు కాకపోయినా పెట్టాడు. మిషన్ లేకపోతే నాయిన ఏమవుతాడో మాకెవరికీ తెలియదు. ఆయన మాస్టరు ఉద్యోగం అన్నం పెట్టేది, అంతే. మనిషిని నిలబెట్టింది ఆ పెట్టె.

అంత భయంలోనూ ఒక్క విషయంలో మేమిద్దరం చెరొక కారణంతో ఒకే మాట మీద నిలబడ్డాం. ఈ సినిమాకు చెప్పుడు వద్దు. "గ్రంథం లేని సిన్మకు నేనేం చెప్పాలె బిడ్డా? తెల్వని కథ చెప్పొద్దు" అన్నాడు నాయిన. నాకు అది మరీ మంచిదనిపించింది. ఇలాంటి సినిమాలకు అర్థం చెప్పడం అనాగరికమని, బొమ్మే మాట్లాడాలని నేను పుస్తకాల్లో చదివాను కదా.

చాటింపుకు మైసయ్యను పిలిచాం. మా వైపు డప్పు వేసి కబురు చెప్పేవాడు ఆయనే. కాగితం రాసిచ్చినా ఆయనకు చదువు రాదు కాబట్టి, వాకిట్లో నిలబెట్టి నోటితో చెప్పించాను. శనివారం ఒంటిపూట బడి అయినాక, చర్చి బడిలో, కలల సిన్మ. మైసయ్య తల ఊపి, డప్పు మంటకు కాచుకొని, అంగడికి పోయాడు. కిటికీలకు కట్టడానికి నేను కుర్మోళ్ల ఇళ్లకు పోయి గొంగళ్లు అడిగి తెచ్చాను. ఎండ పొద్దున హాలు చీకటి కావాలంటే గొంగడిని మించింది లేదు. గొర్రె ఉన్ని వాసన, పొగ వాసన, వాన వాసన కలిసిన ఆ బరువంతా భుజాల మీద వేసుకొని నడిచాను. కట్టి తలుపు మూసి చూస్తే, గొంగడి నేతలోని సందుల్లోంచి ఎండ సన్నగా దూరి, గోడ నిండా చుక్కలు పొడిచాయి. పట్టపగలు, బడిలో. సినిమా అప్పుడే మొదలైనట్టనిపించింది.

శనివారం జనం వచ్చారు. ముందు వచ్చిన వాళ్లను చూసి సంతోషించాను. తర్వాత వచ్చిన వాళ్లను చూసి అర్థం కాలేదు. కల్లు గీసే గౌండ్లోళ్లు చెట్టెక్కే మోకులతో సహా వచ్చారు. ముంతలు పట్టుకొని వచ్చినవాళ్లున్నారు, లోటాలు పట్టుకొని వచ్చినవాళ్లున్నారు. ఒక ముసలాయన ఉప్పు వేసి ఉడికించిన శనగ గుడాల పొట్లం కూడా తెచ్చుకున్నాడు. బిహారు నుంచో ఒరిస్సా నుంచో వచ్చి కార్ఖానాలో పనిచేసే పిల్లలు నలుగురు గుమ్మంలో నిలబడి, ఇక్కడేనా అని సైగ చేస్తూ బొటనవేలు నోటికి పెట్టి చూపించారు. కల్లుకాడి నర్సాగౌడు, మా వైపు ఆయన గీసే కల్లుకు చాలా పేరు, నా దగ్గరికి వచ్చి మర్యాదగా అడిగాడు.

"టీచరమ్మా, కల్లు సిన్మ అన్నరు. కల్లు సిన్మల ఉంటదా, బయట పోస్తరా?"

అప్పుడు అర్థమైంది. అంగడిలో మైసయ్య చాటింది కల్లు సిన్మ. కలల సిన్మ ఏ దుకాణం దగ్గర ఎప్పుడు కల్లు సిన్మ అయిందో ఎవరు చెప్పగలరు. గుమ్మంలో దేవసాయం గారు నిలబడి, ముంతల వైపు చూసి, ముక్కు పట్టుకున్నాడు. అయ్యగారు అద్దాలు తీసి తుడుచుకుంటున్నారు. నేను నాయిన వైపు చూశాను. ఆయన రీలు ఎక్కిస్తూ, "వచ్చినోళ్లను వాపస్ పంపుతమా" అని మాత్రం అన్నాడు.

తలుపులు మూశాం. హాలు నిండిపోయింది, నేల మీద మోకాలు పెట్టే చోటు లేదు. గొంగళ్ల వాసనకు చెమట వాసన, గుడాల వాసన కలిసింది. మిషన్ దీపం వెలిగి రొట్టె మాడిన వాసన వచ్చింది. తెర మీద ఒక ఊరు. జనం కిటికీల్లో కళ్లు తెరుచుకొని కూర్చున్నారు. పక్కల మీద కూర్చున్నారు. పక్షులు కూడా కొమ్మల మీద కళ్లు తెరుచుకునే ఉన్నాయి. ఎవరూ పడుకోరు. చాలాసేపు అంతే. హాలులో కదలిక మొదలైంది. చెప్పేటాయన ఏడి అని ఒకరు, మాస్టరుకు పానం బాగలేదా అని ఒకరు, కల్లేది అని ఒకరు. నేను ఇక నిలబడలేక ముందుకు పోయి, "ఇది అధివాస్తవిక చిత్రం. ఇందులో చేతన, అచేతన" అని మొదలుపెట్టాను. చీకట్లోంచి ఎవరో, "టీచరమ్మకు జెర మంచినీళ్లియ్యుండ్రి, పరేషాన్ అయితుంది" అన్నారు. నవ్వులు. నేను వెనక్కి వచ్చి గోడకు ఆనుకున్నాను. కొందరు లేచి తలుపు వైపు కదిలారు.

అప్పుడు తెర మీద ఒక మనిషి నిచ్చెన తెచ్చాడు. ఊరి నడుమ, దేనికీ ఆనించకుండా, ఉత్త గాలికి నిలబెట్టాడు. నడుముకు ఒక కుండ కట్టుకున్నాడు. ఎక్కడం మొదలుపెట్టాడు.

లేచినవాళ్లు కూర్చున్నారు. "అరె, మోకు లేకుంట ఎక్కుతుండు" అన్నాడు నర్సాగౌడు. "ఎడమకాలు గట్ల పెట్టొద్దు, జారుతది." ఆ మనిషి ఎక్కుతూనే ఉన్నాడు, గౌండ్లోళ్లంతా కిందినుంచి కాళ్లు ఎక్కడ పెట్టాలో చెబుతూనే ఉన్నారు. ఆయన మబ్బు దాకా పోయి, మబ్బుకు కత్తితో చిన్న గాటు పెట్టి, కుండ కట్టాడు. చుక్క రాలింది. ఇంకో చుక్క. హాలు మొత్తం ఒక్క గొంతుతో లేచింది. కల్లు. మైసయ్య అబద్ధం చెప్పలేదు. చాటింది చాటినట్టు తెర మీద ఉంది. దేవసాయం గారు లేచి, గోడ మీది స్విచ్చు వైపు నడవసాగాడు. మనుషుల మీదినుంచి దాటుతూ, దారి ఇయ్యండి అంటూ. నేను అయ్యగారి వైపు చూశాను. ఆయన ముఖం నాకు కనబడలేదు, అద్దాల మీద నిచ్చెన మాత్రం మెరిసింది.

నర్సాగౌడు వెనక్కి తిరిగి గట్టిగా అడిగాడు. "యోబు మాస్టరూ, నువ్వన్న చెప్పు. ఆ కుండల ఏమున్నది?"

మిషన్ గరగర తప్ప చప్పుడు లేదు. దేవసాయం గారు కూడా ఆగాడు. నాయిన నా వైపు చూడలేదు, అయ్యగారి వైపు చూడలేదు. తెర వైపే చూశాడు. ఆ మనిషి దిగివచ్చి, వరసగా కూర్చున్న జనానికి కుండ వంచి పోస్తున్నాడు. తాగినవాడు తాగినట్టే ఆవులిస్తున్నాడు, గోడకు ఒరుగుతున్నాడు. గ్రంథం లేని కథ. తెలియని కథ. నాయిన గొంతు సవరించుకున్నాడు.

"కల్లు గాదు నర్సాగౌడూ," అన్నాడు. "కునుకు."

నాయిన మళ్లీ అన్నాడు. "నిద్ర పోయిన ఊరిది. రాత్రి లేదు, పగలు లేదు, ఎవ్వనికి కన్ను మూత పడ్తలేదు. గందుకే మొగులు మీదికెక్కి కునుకు గీసుకొస్తుండు."

వెనక మూలలో రాత్రి షిఫ్టు వాళ్లు గుంపుగా కూర్చున్నారు. ఆ మూల నుంచి ఒక గొంతు, బరువుగా, లోపలి నుంచి వచ్చింది. "ఊఁ."

ఆ ఒక్క అక్షరం హాలంతా పాకింది. "కల్లు, కునుకు రెండొకటే గద సారూ" అన్నాడు నర్సాగౌడు, హాలు ఫక్కున నవ్వింది. అయ్యగారి భుజాలు కదులుతున్నాయి. ఆయన నవ్వు ఆపుకోవడం నేను చూశాను. దేవసాయం గారు స్విచ్చు దగ్గర కాసేపు నిలబడి, అక్కడే గోడ వారన కూర్చున్నాడు. నాయిన ఇక ఆగలేదు. కానీ వేదం సినిమాల్లో లాగా చెప్పలేదు. అడగడం మొదలుపెట్టాడు. పడుకున్నవాళ్ల కలలు బయటికొచ్చి వీధుల్లో తిరుగుతున్నాయి. టోపీ పెట్టుకున్న గుర్రం ఒకటి ఇంటింటికీ తల దూర్చి చూస్తున్నది. ఇదెవ్వరి కల చెప్పుండ్రి అన్నాడు. అది పట్వారి కలే, భూములు కొలవొచ్చింది అన్నారు ఆడవాళ్ల వైపు నుంచి. మంచాలు పడవల్లాగా పోతున్నాయి, ఇదెవ్వరిది అంటే, బాలింతది అన్నారు. ఇళ్ల నడుమ చేపలు ఈదుకుంటూ వచ్చాయి. దానికెవరూ ఏమీ అనలేదు. గుమ్మం దగ్గర బొటనవేలు చూపించిన పిల్లల్లో ఒకడు లేచి నిలబడి, "వో హమారా హై" అన్నాడు. వాడి ఊళ్లో పెద్ద నది ఉందట. "అచ్ఛా బేటా, నీదే" అన్నాడు నాయిన, వాడు కూర్చున్నాడు. నేను గోడకు ఆనుకొని నిలబడి, నేను చదివిన పత్రికలన్నీ బతికి లేచి నేల మీద కూర్చొని మాట్లాడుతున్నట్టు విన్నాను. ఆ సినిమాను వెతికి పట్టింది నేను. ఆ మాట నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో.

రీలు అయిపోయాక గొంగళ్లు విప్పాం. ఎండ భళ్లున లోపలికి పడింది. వెనక మూలలో రాత్రి షిఫ్టు వాళ్లు ఒకరి మీద ఒకరు ఒరిగి, నోళ్లు తెరిచి, గాఢంగా నిద్రపోతున్నారు. మొహం మీద ఎండ పడినా కదలలేదు. సినిమా నచ్చక పడుకున్నారని దేవసాయం గారు అనబోయాడు. అయ్యగారు చెయ్యెత్తి ఆయనను ఆపి, చాలా మెల్లగా అన్నారు. "నా ప్రసంగంల పండుకుంటె నాకు కోపమొస్తది యోబూ. ఇయ్యాల రాలేదు. లేపకుండ్రి." గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి నన్ను చూసి, మళ్లా ఎప్పుడమ్మా అని అడిగారు. నేను మళ్లీ ఒక్కొక్కటిగా గొంగళ్లు కట్టాను, వాళ్ల కోసం. సైరను మోగే వరకు ఆ హాలులో చీకటి ఉంచాం.

తర్వాత ఎన్నో ఏళ్లు వేశాం. మంచుదేశాల సినిమాలు, అద్దాల్లోంచి చేతులు బయటికొచ్చే సినిమాలు, మొదలేదో చివరేదో తెలియని సినిమాలు. నగరంలో వాటిని చూసినవాళ్లు అర్థం కాలేదని తల పట్టుకునేవాళ్లని సంఘం వాళ్లే చెప్పారు. మా హాలులో అర్థం కాలేదన్న మాట ఎవరూ అనలేదు, ఎవరి కలో తేల్చుకోవడానికి కొట్లాడుకునేవాళ్లు. వేరే ఊళ్ల నుంచి బండ్లు కట్టుకొని వచ్చారు. చర్చి వాళ్ల మాటల్లో దాన్ని కళా ప్రదర్శన అని మర్యాదగా అనేవాళ్లు. మిగతా లోకానికి అది కల్లు సిన్మే. మిషన్ ఏ పాస్టరేటుకూ పోలేదు. నాయిన పోయే వరకు అది మా మంచం కిందే ఉంది.

మైసయ్య ముసలితనంలో ఒకసారి మా వాకిట్లో చాయ్ తాగుతుంటే అడిగాను, ఆ రోజు మాట ఎట్లా తప్పావు అని. ఆయన చాయ్ మొత్తం తాగి, సాసరు కూడా వంపుకొని, అప్పుడు చెప్పాడు. "నేనేం తప్పలే టీచరమ్మా. కలల సిన్మ అంటె ఎవ్వడొస్తడు? కలలు ఇంట్ల పండుకున్నా వస్తయి."

ఇప్పుడు వెలిమెల వైపు పోతే తల వెనక్కి వంచినా పైఅంతస్తు కనబడదు. ఒక్కో ఇంట్లో గదికొక తెర ఉంటుందట. రుద్రారం కాలేజీలో చదివే మా మనవరాలు, నేను బస్సెక్కి తెచ్చినటువంటి సినిమాలు ఫోనులో చూస్తుంది, కోరుకున్నది కోరుకున్న నిమిషానికి. నాకు అది చూస్తే అసూయ కలుగుతుంది, నిజం చెప్పాలంటే. నాకా సౌకర్యం ఉంటే ఏ అల్మారా మిగిల్చేదాన్ని కాదు. కానీ చెవుల్లో వైర్లు పెట్టుకొని ఒక్కతే చూస్తుంది. ఎట్లుందే అంటే, బాగుంది నానమ్మా అంటుంది. ఆ తర్వాత ఆ మాట ఎక్కడికీ పోదు. నేనొకసారి పక్కన కూర్చొని "ఊఁ" అన్నాను. ఏమైంది నానమ్మా, ఆయాసమా అని అడిగింది.

ఆసుపత్రి బెంచీ మీద ఆ ముసలి గొంతు మళ్లీ అంది. "నేను నైటు షిఫ్టోన్ని టీచరమ్మా. మొదటి ఊఁ కొట్టింది నేనే. ఊఁ కొట్టుకుంట కొట్టుకుంట పండుకున్న. కంపినీల చేరినంక గసొంటి నిద్ర మళ్ల పట్టలే. గని ఆ సిన్మ ఆఖరికేమైందో నాకు తెల్వదు. ఎవ్వర్నడిగినా ఒక్కొక్కడు ఒక్క తీరు చెప్పిండు."

నా వీపు గోడకు ఆన్చి, కనబడని వాళ్లందరి వైపు తిరిగాను. మొదటి నుంచి చెప్పమన్నారు బెంచీ మీదివాళ్లు. చెప్పాను, ఊరు, నిచ్చెన, కుండ. "ఊరంత తాగింది. ఎక్కడోళ్లక్కడ పండుకున్నరు. ఆఖరుకు ఆయన కుండ బోర్లించి చూసుకుంటడు. చుక్క లేదు. తెచ్చినోనికే లేదు."

"ఊఁ" అంది నా పక్కనున్న ఆమె. ఆమె నా వైపు జరిగి వచ్చి కూర్చుంది.

"మళ్ల ఎక్కుదమని పోతె నిచ్చెన లేదు. గప్పుడు టోపీ గుర్రమొస్తది. టోపీ తీసి ఆయన నెత్తికి పెట్టి, పక్కన పండుకుంటది. ఆయన దాని కడుపు మీద తల పెడ్తడు. గుర్రం ఊపిరి తీస్తుంటె ఆ తల లేస్తది, దిగుతది. లేస్తది, దిగుతది."

"పండుకున్నడా?" అన్నాడు ముసలాయన.

అప్పుడే నర్సమ్మ వచ్చి నా పేరు పిలిచి, మోచేయి పట్టుకుంది. ఆగు బిడ్డా, ఆయన పండుకున్నడో లేదో చెప్పనీ అన్నారు ఎవరో. నేను లేచి నిలబడి, మా నాయినలాగా గొంతు సవరించుకున్నాను. "మీరే చెప్పుండ్రి" అన్నాను. పండుకున్నడు అని కొందరు, గుర్రమే పండుకుంది, ఆయనకెట్ల పడ్తది అని కొందరు. నేను నర్సమ్మ చెయ్యి పట్టుకొని నడుస్తుంటే వెనక బెంచీ మొత్తం కొట్లాడుతున్నది. లోపల ఆపరేషను గదిలో పెద్ద దీపం వెలిగించారు. చుక్కల మందు పడ్డ కళ్లకు అది తెరంత పెద్దగా కనబడింది.

ఏం సిన్మ అమ్మా అది, అందరు గట్ల లొల్లి చేస్తున్నరు అని అడిగింది నర్సమ్మ.

మా అమ్మ వింటే కీర్తన మొత్తం పాడించేదే. "కల్లు సిన్మ బిడ్డా" అన్నాను.